రోమన్ల రొట్టె పేరు మాయకు ఎలా వచ్చింది?

పచ్చిమిరపకాయను నిలువుగా చీల్చితే లోపల తెల్లటి మెత్తని పట్టీ, దాన్ని అంటిపెట్టుకుని గింజలు కనిపిస్తాయి. కారమంతా గింజల్లోనే ఉందనుకుంటాం గానీ, ఘాటునిచ్చే క్యాప్సైసిన్ ముఖ్యంగా తయారయ్యేది ఆ పట్టీలోనే. వృక్షశాస్త్రంలో దాని పేరు ప్లాసెంటా. కడుపులో బిడ్డను తల్లితో కలిపే మాయకూ అదే పేరు.

అసలు ఈ మాట పుట్టింది వంటింట్లో. లాటిన్‌లో ప్లాకెంటా అంటే బల్లపరుపుగా ఉండే రొట్టె. అంతకుముందు గ్రీకులోనూ అలాంటి రొట్టెకే వాడిన మాట ఇది. క్రీ.పూ. 2వ శతాబ్దంలో రోమన్ నేత కేటో వ్యవసాయం మీద రాసిన పుస్తకంలో దీన్ని చేసే పద్ధతి ఉంది. 14 పౌండ్ల గొర్రెపాల చీజ్, నాలుగున్నర పౌండ్ల తేనె కలిపి, పల్చటి పిండి రేకుల మధ్య పొరలు పొరలుగా పరిచి కాల్చాలి. ఇంటిల్లిపాదికీ సరిపోయే రొట్టె అన్నమాట! రొమేనియాలో ఒక రకం పిండివంటను ఇప్పటికీ ప్లచింటా అనే పిలుస్తారు.

మాయకు ఈ పేరు పెట్టింది ఇటలీ శరీరశాస్త్రజ్ఞుడు రియాల్డో కొలంబో. 1559లో వచ్చిన ఆయన గ్రంథంలో అది కనిపిస్తుంది. అంతవరకు లాటిన్‌లో దాన్ని 'కాన్పు తర్వాత వచ్చేది' అనే అర్థంలో పిలిచేవారు. నెలలు నిండాక మాయ సుమారు 22 సెంటీమీటర్ల వెడల్పుతో గుండ్రంగా, చదునుగా ఉంటుంది, బరువు అర కిలో. చూడగానే రొట్టె గుర్తుకు రావడంలో వింతేమీ లేదు. జర్మన్లు నేరుగా 'తల్లి రొట్టె' అనే అంటారు.

తర్వాత వృక్షశాస్త్రజ్ఞులు ఈ పేరును అరువు తెచ్చుకున్నారు. మిరపలో గానీ బఠాణీలో గానీ రొట్టె ఆకారం ఎక్కడుంది? వాళ్లు చూసింది ఆకారాన్ని కాదు, పనిని. గింజ అంటుకుని ఆహారం అందుకునే చోటు అది. అయితే పోలిక అక్కడితో సరి. మనుషుల్లో మాయ చాలావరకు బిడ్డ వైపు నుంచే పెరుగుతుంది, మొక్కలో అది పూర్తిగా తల్లి కణజాలమే.

మన పాఠ్యపుస్తకాల్లో మనుషుల మాయ పేరు జరాయువు, మొక్కలోని ప్లాసెంటా పేరు అండన్యాసస్థానం. ఈ రెండు పేర్లను పిల్లలు వేర్వేరుగా బట్టీ పడుతున్నారు. వాటి మధ్య చుట్టరికాన్ని ఎవరూ చెప్పకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. గింజను ప్లాసెంటాకు కట్టి ఉంచే కాడ పేరు ఫ్యూనిక్యులస్. లాటిన్‌లో సన్నతాడు అని. శరీరశాస్త్రంలో బొడ్డుతాడుకూ అదే మాట వాడారు. ఎండిన చిక్కుడు గింజ అంచున చిన్న మచ్చ కనిపిస్తుంది చూడండి, ఆ తాడు ఊడిన చోటు అదే.