ఇగ్వానా పెట్టెకు ఇంట్లో చేసిన హీటర్: అపోహలు - వాస్తవాలు

నల్లగొండ ఎండలుండగా సరీసృపాలకు వేరే వేడి దేనికన్నది నా దగ్గరికి ఇగ్వానాలను (ఆకులు తినే పెద్ద విదేశీ బల్లులు), బాల్ పైథాన్లను (ఒక రకం విదేశీ కొండచిలువలు) చికిత్సకు తెచ్చేవారిలో చాలామంది అభిప్రాయం. వేసవి మట్టుకు అది సరైనదే, అప్పుడు హీటర్ ప్లగ్గు ఊడదీసి ఉంచాలి. సంక్రాంతి ముందటి చలి రాత్రుల్లో మాత్రం గది ఉష్ణోగ్రత 20 డిగ్రీల లోపుకు దిగితే, ఒంటి వేడిని సొంతంగా పుట్టించుకోలేని ఇగ్వానాకు తిన్న ఆకు అరగదు. (ఉడుమును, నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. వాటికి హీటర్ అడిగేవారికి నేను అటవీ శాఖ కార్యాలయం దారి చూపుతాను.)

అపోహ: వేడి ఎక్కువైతే అదే పక్కకు జరుగుతుంది.

పైనుంచి తగిలే ఎండను తప్పించుకోవడం సరీసృపాలకు తెలుసు. కింద కాలుతున్న నేల మీది నుంచి మాత్రం అవి చాలాసార్లు కదలకుండా అలాగే పడుకుంటాయి. పొట్ట మీది పొలుసులు మొదట కాస్త రంగు మారినట్టే ఉండి, కొన్ని రోజులకు నల్లబడి ఊడిపోయాక గాని యజమానికి సంగతి తెలియదు. అందుకే హీటర్‌ను పెట్టె బయట గాని, లోపలైతే జంతువు తాకలేని జాలీ వెనుక గాని, ఒక వైపే అమర్చి రెండో వైపును చల్లగా వదలాలి.

అపోహ: 12 వోల్టులే కనుక ప్రమాదం లేదు.

తగ్గేది షాకు ప్రమాదమే. 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు పారితే 60 వాట్ల వేడి పుడుతుంది, థర్మోకోల్ మీద టేపుతో అతికించిన నిక్రోమ్ తీగ (కరెంటు పారితే కాగే హీటర్ తీగ) ఆ థర్మోకోల్‌ను కరిగించడానికి ఆ వేడి చాలు.

అపోహ: థర్మోస్టాట్ ఉంటే నిశ్చింత.

థర్మోస్టాట్ అంటే వేడిని చూసి హీటర్‌ను వెలిగించి ఆర్పే పరికరం. చవక థర్మోస్టాట్‌లోని రిలే (కరెంటును కలిపి తెంచే స్విచ్చు) కాంటాక్టులు ఒక్కోసారి అతుక్కుపోయి హీటర్ ఆరకుండా ఉండిపోతుంది. జంతువు ప్రోబ్‌ను (పెట్టెలో వేడిని కొలిచే థర్మోస్టాట్ కొసను) లాగి నీళ్ల గిన్నెలో పడేసినా ఫలితం అదే, ఎందుకంటే పెట్టె ఎంత కాగినా థర్మోస్టాట్‌కు కనిపించేది నీళ్ల చల్లదనమే. కాబట్టి ప్రోబ్‌ను క్లిప్పుతో గట్టిగా బిగించి, హీటర్ తీగతో సిరీస్‌లో ఒక థర్మల్ ఫ్యూజును (వేడి హద్దు మీరితే కరెంటును తెంచేసేది) హీటర్‌కే ఆనించి పెట్టాలి. జంతువును లోపల వదిలే ముందు, మీరు దగ్గరే ఉండి, ఖాళీ పెట్టెలో థర్మోస్టాట్ లేకుండా మధ్యాహ్నం పూట కొన్ని గంటలు హీటర్‌ను నేరుగా నడిపి చూడాలి. లోపల 40 డిగ్రీలు దాటితే మీరు ఎంచుకున్న వాట్లు ఎక్కువైనట్టే, వాటిని తగ్గించాలి. నేరుగా 230 వోల్టులతో నడిచే సిరామిక్ హీటర్‌కైతే ప్లాస్టిక్ హోల్డర్ పనికిరాదు, పింగాణీది వాడి, ఆ లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే లైనును వెంటనే ఆపేసే స్విచ్చు) పెట్టించాలి.