ముందు పాడాలి, తర్వాతే వాయిద్యం

పిల్లలూ,

మొన్న నేను వినిపించిన జపాన్ రాజాస్థాన సంగీతం రెండు నిమిషాలు విని, "తాతయ్యా, ఇంకా మొదలవలేదా?" అన్నారు. మొదలైందిరా, దాని నడకే అంత! దాన్ని గగాకు అంటారు. పన్నెండు వందల ఏళ్లు దాటినా నిలిచి ఉంది. ఎలా నిలిచిందో చెబుతాను.

అందులో చాలా భాగం చైనా, కొరియాల నుంచి వచ్చి చేరిందే. 701లో జపాన్ రాజ్యం చట్టాలు రాసుకున్నప్పుడే సంగీతానికి ఒక శాఖ పెట్టింది. 752లో నారా నగరంలోని తోదైజి ఆలయంలో పెద్ద కంచు బుద్ధుడికి కళ్లు దిద్దే వేడుక జరిగింది. కుంచె పట్టింది ఎవరనుకున్నారు? మన దేశం నుంచి వెళ్లిన బోధిసేనుడనే భిక్షువు. ఆ రోజు రకరకాల దేశాల పాటలు, ఆటలు ఒకే చోట జరిగాయి. ఇప్పటికీ ఆడే కర్యోబిన్ అనే నాట్యం మీ వయసు పిల్లలదే. నలుగురు వీపుకి రెక్కలు కట్టుకుని, చేతుల్లో చిన్న తాళాలు మోగిస్తూ ఆడతారు.

రాజుల అండ వల్లే ఇదంతా బతికిందంటే నేను ఒప్పుకోను. 1467లో అప్పటి రాజధాని క్యోటోలో ఓనిన్ యుద్ధం మొదలై పదేళ్లు సాగింది. ఊరు తగలబడింది, విద్వాంసులు చెల్లాచెదురయ్యారు. రాజు దగ్గరే డబ్బు లేదు, ఇక వాళ్లకేం ఇస్తాడు? షో అనే వెదురు గొట్టాల వాయిద్యం తరతరాలుగా వాయించే తోయొహారా వంశంలో ఒకాయనకి టెన్షన్ పట్టుకుంది, విద్య తనతోనే పోతుందేమోనని. తెలిసిందంతా రాసి పెట్టాడు. 1512 నాటి ఆ గ్రంథం పేరు తైగెన్‌షో. ఇటు నారా ఆలయాల్లోనూ, ఒసాకాలోని షితెన్నోజి ఆలయంలోనూ వేరే వంశాల వాళ్లు పూజల కోసం వాయిస్తూనే ఉన్నారు. తర్వాత రోజుల్లో ఆస్థానానికి మనుషులు దొరికింది అక్కడి నుంచే. 1870లో ఈ మూడు ఊళ్ల వాళ్లనీ కొత్త ప్రభుత్వం టోక్యోలో ఒక్కచోట చేర్చింది.

పుస్తకం ఉంటే మాత్రం సరిపోతుందా? వీళ్ల పద్ధతి చూడండి. శిష్యుడి చేతికి ముందు వాయిద్యం ఇవ్వరు. ఎదురుగా కూర్చోబెట్టి, తొడ మీద తాళం వేయిస్తూ, 'చీ రా రో' లాంటి అక్షరాలతో పాట మొత్తం నోటితో పాడిస్తారు. మన మృదంగం గురువు మొదట సొల్లుకట్టు, అంటే తాళం అక్షరాలు, నోటితో చెప్పించినట్టే. కాగితం మీద కనిపించని జారుళ్లు, ఊపిరి తీసే చోట్లు ఆ పాడటంలోనే పట్టుబడతాయి.

షోలో పదిహేడు గొట్టాలుంటాయి, మోగేవి పదిహేనే. ఊపిరి తడికి లోపలి పలుచటి లోహపు నాలుకలు చెమ్మగిల్లి శ్రుతి తప్పుతాయి. అందుకని వాయించే ముందూ, మధ్యమధ్యా చిన్న కుంపటి మీద తిప్పుతూ వెచ్చబెడతారు. మండు వేసవిలో కూడా!

హిచిరికి అని ఊదే వాయిద్యం ఇంకోటి ఉంది. జానెడు కూడా ఉండదు గానీ గొంతు మాత్రం అందరినీ మించి వినిపిస్తుంది. దాని నోటికి పెట్టే రెల్లు ఒసాకా దగ్గర యోదో నది ఒడ్డున, ఉదోనో అనే చోట పెరిగేదే శ్రేష్ఠమని వాళ్ల పట్టుదల. 2020ల మొదట్లో అక్కడ ఏటా చేసే గడ్డి కాల్పు కొంతకాలం ఆగి, తీగలు అల్లుకుని రెల్లు చాలావరకు చచ్చిపోయింది. దాంతో సంగీతకారులే ఊరివాళ్లతో కలిసి నదిఒడ్డుకి వెళ్లి కలుపు పీకారు.

ఈసారి 'ఎతెన్‌రకు' అనే పాట పెట్టుకోండి. అన్నిటికన్నా పేరున్నది అదే. హెడ్‌ఫోన్స్ మాత్రం తగ్గించి పెట్టండి, హిచిరికి గొంతు గురించి చెప్పాగా.

మీ తాతయ్య