స్కేల్ ఎక్కడ పెట్టాలి? అమ్మమ్మ ఉత్తరం

చిరంజీవులైన పిల్లలకు,

అమ్మమ్మ ఆశీస్సులు. సంక్రాంతికి వచ్చినప్పుడు మన ఇంటిని టేపుతో కొలిచి కంప్యూటర్‌లో ప్లాన్ గీస్తామని ఇద్దరూ కూర్చున్నారు. కాసేపటికి చిన్నాడు వంటింట్లోకి వచ్చి "అమ్మమ్మా, ఎంత స్కేల్‌లో గీయాలి?" అని అడిగాడు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే "ముందు గీయండిరా, తర్వాత చూద్దాం" అనేశాను. మర్నాడు మీరు బస్సెక్కేశారు. ఇన్నేళ్లు ఆ పని చేసినదాన్ని, ఆ ఒక్క ప్రశ్నకీ జవాబు చెప్పకుండా పంపించానే అని అప్పటి నుంచీ మనసులో ఉంది.

స్కేల్ అంటే ఇంటిని కాగితం మీద ఎన్నో వంతుకి కుదించాలనే లెక్క. కంప్యూటర్‌లో గీసేటప్పుడు అది వద్దు. గోడ పది అడుగులుంటే పది అడుగులే గీయండి. స్కేల్ అవసరం ప్రింట్ తీసేటప్పుడు వస్తుంది.

చిన్నాడికి ఆ ప్రశ్న రావడం సహజమే. నేను ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చదివి పనిలో చేరినప్పుడు మా ముందు ఏటవాలు బోర్డు, దాని మీద బిగించిన ట్రేసింగ్ పేపర్, మినీ డ్రాఫ్టర్, సెట్ స్క్వేర్లు ఉండేవి. షీట్ బిగించగానే మొదటి పని స్కేల్ తేల్చుకోవడం. ఇల్లు కాగితంలో పట్టదు కాబట్టి ఎన్నో వంతుకి కుదించాలో గీత పడకముందే తెలియాలి. మన కోస్తాలో పాత రెవెన్యూ గ్రామ పటాలు మైలుకి 16 అంగుళాల లెక్కన గీసినవే. పటం మీద ఒక అంగుళం అంటే నేల మీద 330 అడుగులు. సర్వే గొలుసు 66 అడుగులు కనుక సరిగ్గా ఐదు గొలుసులు. ఇళ్లకి మేం 1:100 వాడేవాళ్లం. మూడు మీటర్ల గది కాగితం మీద మూడు సెంటీమీటర్లు.

అందులో ఒక చిక్కు ఉండేది. 150 మి.మీ. ఎత్తున్న మెట్టు 1:100లో ఒకటిన్నర మి.మీ. అవుతుంది. అర మి.మీ. పెన్సిల్ గీత అంటే సైటు మీద 5 సెంటీమీటర్లు. మెట్టులో మూడో వంతు గీత కిందే పోయేది. పైగా వానాకాలం తేమకి కాగితం సాగేది. అందుకే షీట్ల మీద "రాసిన కొలతే తీసుకోవాలి, స్కేల్ పెట్టి కొలవరాదు" అని రాసేవాళ్లం. గీత ఎంత జాగ్రత్తగా గీసినా చివరికి నమ్మేది అంకెనే.

కంప్యూటర్‌లో ఆ కాగితం లేదు. ప్లాన్లు గీసే ఆటోకాడ్ సాఫ్ట్‌వేర్ తెరవగానే కనిపించే, మనం గీసే చోటైన మోడల్ స్పేస్‌ని అంచుల్లేని నేల అనుకోండి. ప్రతి బిందువు స్థానాన్నీ దాదాపు పదిహేను అంకెల దాకా గుర్తుపెట్టుకుంటుంది. అక్కడ 12,192 మి.మీ. గోడ 12,192 గానే ఉంటుంది. తెర మీద చిన్నగా కనిపించేది జూమ్ వల్ల. దూరంగా నిలబడి చూస్తే తాడిచెట్టు వేలంత కనిపిస్తుంది, చెట్టేమీ తగ్గలేదు కదా.

నేను బోర్డు వదిలి కంప్యూటర్‌కి మారిన కొత్తలో ఇది తెలియక ఒక తప్పు చేశాను. బోర్డు అలవాటు కొద్దీ ప్రతి కొలతనీ వందతో భాగించి గీశాను. 3600 మి.మీ. గోడని 36గా గీస్తే డైమెన్షన్, అంటే గీత పక్కన కంప్యూటర్ వేసే కొలత అంకె, కూడా 36 అనే చూపించింది. దాన్ని చెరిపి 3600 అని చేత్తో టైప్ చేశాను. ప్లానంతా అలాగే. వారం తర్వాత ఇంటివాళ్లు హాలు ఒక అడుగు పెంచమన్నారు. గోడ జరిపాను, మొత్తం పొడవు మార్చి టైప్ చేశాను, హాలు కొలత మార్చడం మరిచిపోయాను. గోడ జరిగింది కానీ నేను టైప్ చేసిన అంకె పాతదే ఉండిపోయింది. ముగ్గు పోసే రోజు పొద్దున్నే మేస్త్రి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాడు. "అమ్మా, గదులన్నీ కూడితే మొత్తానికి అడుగు తక్కువొస్తోంది. దేన్ని నమ్మమంటారు?"

ఆయన కూడి చూసుకున్నాడు కాబట్టి పునాది తవ్వకముందే దొరికింది. ఫోన్ పెట్టేశాక నా చేతులు వణకడం ఇప్పటికీ గుర్తుంది. ఆ రాత్రి కూర్చుని ప్లానంతా అసలు సైజులో మళ్లీ గీశాను. ఏ కొలతా చేత్తో టైప్ చేయలేదు. గోడ జరిపి చూస్తే అంకె దానంతటదే మారింది. మీరూ డైమెన్షన్ అంకెని చేత్తో దిద్దకండి నాన్నా. అంకె తప్పుగా ఉందంటే గీతే తప్పు, దాన్ని సరిచేయండి.

ఇక స్కేల్ సంగతి. 1990లో వచ్చిన ఆటోకాడ్ 11వ రిలీజ్‌లో పేపర్ స్పేస్ అనేది చేర్చారు. ఇప్పుడు తెర అడుగున లేఅవుట్ అనే ట్యాబ్‌గా కనిపించేది అదే. అది కాగితం. అందులో వ్యూపోర్ట్ అనే కిటికీ తెరిచి, ఆ కిటికీకి 1:50 అని స్కేల్ పెట్టండి. మన ఇల్లు 30 × 40 అడుగులు, అంటే 9,144 × 12,192 మి.మీ. 1:50లో 183 × 244 మి.మీ. అవుతుంది. ఏ4 కాగితం 210 × 297 కనుక అంచులు పోగా పడుతుంది. అదే ఫైల్‌లో ఇంకో లేఅవుట్ పెట్టి బాత్‌రూమ్ ఒక్కదాన్నీ 1:20లో చూపించొచ్చు. రెండోసారి గీయక్కర్లేదు, బోర్డు మీద అయితే మళ్లీ మొదటి నుంచి గీసేవాళ్లం. ప్రింట్ కొట్టేటప్పుడు "ఫిట్ టు పేపర్" టిక్ తీసేయండి. అది ఉంటే కాగితానికి సరిపోయేలా తనకి తోచినంత కుదించేస్తుంది. ప్రింట్ వచ్చాక పొడుగు స్కేలుతో ఇంటి వెడల్పు కొలవండి. 183 మి.మీ. రావాలి.

అక్షరాలు మాత్రం వేరు. చదివేది కాగితం మీద కాబట్టి వాటి సైజు కాగితాన్ని బట్టి ఉండాలి. ప్రింట్‌లో 2.5 మి.మీ. ఎత్తు కావాలంటే, 1:50కి మోడల్‌లో 125 మి.మీ. అక్షరం రాయాలి. ఈ లెక్క తలనొప్పి అనుకుంటే పేర్లన్నీ లేఅవుట్‌లోనే రాసేయండి.

యూనిట్లు కూడా ముందే చూసుకోండి. ఇంటర్నెట్ నుంచి దించిన 900 మి.మీ. తలుపు, అంగుళాల ఫైలులోకి అంకె మారకుండా వస్తే 75 అడుగుల తలుపవుతుంది. త్రీడీ ప్రింటర్‌కి పంపే ఎస్‌టీఎల్ ఫైలులో అయితే యూనిట్ అనేదే ఉండదు, ఉత్త అంకెలే. మీరు రెండంగుళాలు అనుకుని చేసిన బొమ్మ రెండు మి.మీ. గింజగా రావచ్చు.

కుదించి చేయక తప్పని పనులూ ఉన్నాయి. పెద్దది జాతరకి 20 × 10 అడుగుల ఫ్లెక్సీ డిజైన్ చేస్తానంది కదా. 20 అడుగులంటే 240 అంగుళాలు. డిజైన్లు చేసే ఇల్లస్ట్రేటర్ సాఫ్ట్‌వేర్‌లో ఆర్ట్‌బోర్డ్, అంటే బొమ్మ గీసే పేజీ, చాలా ఏళ్లు 227 అంగుళాలు దాటేది కాదు, దానికి పది రెట్ల కాన్వాస్ తర్వాత వచ్చింది. పాత వెర్షన్ అయితే పదో వంతుకి, 24 × 12 అంగుళాల్లో చెయ్యి తల్లీ. కానీ ఫొటో అంగుళానికి 300 పిక్సెల్స్ ఉండేలా చూసుకో. ఫ్లెక్సీ మీదకి వెళ్లేసరికి అది 30 అవుతుంది, దూరం నుంచి చూసేదానికి బాగానే ఉంటుంది. 72 పెట్టావంటే 7 అవుతుంది, అమ్మవారి ముఖం గళ్లుగళ్లుగా కనిపిస్తుంది. ఫైల్ పేరులోనే "పదో వంతు" అని రాయి. ప్రింట్ చేసే అబ్బాయికి నువ్వు పక్కన ఉండవు.

మన వంటింటి తలుపు నిన్న మళ్లీ కొలిచాను. రెండడుగుల తొమ్మిది అంగుళాలు. మీ ఫైల్ తెరిచి, దూరం కొలిచే డిస్ట్ కమాండ్‌తో ఆ తలుపు వెడల్పు చూడండి. 838.2 వచ్చిందా, 33 వచ్చిందా, 8.38 వచ్చిందా నాకు రాయండి.

మీ అమ్మమ్మ