హెచ్‌ఐవీ ఉన్న మనిషిని ప్రేమిస్తే: అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో ఏఆర్‌టీ సెంటర్‌లో (హెచ్‌ఐవీకి మందులిచ్చే చోటు) కౌన్సెలర్‌ని. కుర్రవాళ్లు నా ముందు కూర్చుని మొదట అడిగేది జబ్బు గురించి కాదు, "ఆ పాపకు చెప్పల్లా, వద్దా మేడమ్?" అని.

గుంతకల్లు వైపు అబ్బాయి ఒకడు (వివరాలు మార్చాను) నెల మాత్రల డబ్బా చేతికి రాగానే లేబుల్‌ను గోటితో గీకేశాడు. మూత తీసి లోపల దూది కుక్కాడు. డబ్బా కదిలితే గలగలమంటుంది కదా, అందుకట. బెంగళూరులో తనతో పనిచేసే అమ్మాయిని ప్రేమించాడు. ఆమెకు ఇంకా చెప్పలేదు.

అపోహ: ముద్దు పెట్టుకున్నా, ఒకే కంచంలో తిన్నా వస్తుంది.
రాదు. ఎంగిలి, చెమట, దోమకాటు వీటివల్ల రాదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ మాట చెప్పాల్సి రావడం విసుగే.

అపోహ: మాత్రలు వాడుతున్నా, కలిసి ఉంటే ఏదో ఒకరోజు అంటుకుంటుంది.
చదువుకున్నవాళ్లు కూడా దీన్నే నమ్ముతారు. మన ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1 నుంచి ఈ మందులు ఉచితంగా ఇస్తోంది. ఇప్పుడు ఎక్కువమందికి రోజుకు ఒక్కటే మాత్ర. అందులో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ ఉంటాయి. అది వైరస్‌ను పెరగనివ్వదు. మందు మొదలుపెట్టిన ఆరు నెలలకు ఒకసారి, ఏడాదికి ఒకసారి, ఆ తర్వాత ఏటా వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చూస్తాం. రిపోర్టులో 'టార్గెట్ నాట్ డిటెక్టెడ్' (పరీక్షలో వైరస్ కనిపించలేదు) అని వచ్చి, మాత్ర మానకుండా వేసుకుంటుంటే శృంగారం ద్వారా భాగస్వామికి సోకదు. "తక్కువ" అనడం లేదు, సోకదు అంటున్నాను. యూరప్‌లో జరిగిన 'పార్ట్‌నర్' అధ్యయనం ఫలితాలు 2016లో వచ్చాయి. ఒకరికి ఉండి మరొకరికి లేని 888 జంటలను చూశారు. కండోమ్ లేకుండా దాదాపు 58,000 సార్లు కలిసినా, భాగస్వామి నుంచి సోకిన కేసు ఒక్కటీ లేదు.

అయితే మెలిక ఉంది. జాతరకు ఊరెళ్లి డబ్బా మరిచిపోయి, వారాల తరబడి మానేస్తే వైరస్ మళ్లీ లేస్తుంది. అప్పుడు పాత రిపోర్టు పనికిరాదు. గర్భం వద్దనుకున్నా, మిగతా సుఖవ్యాధులు రాకూడదన్నా కండోమ్ కావాల్సిందే.

అపోహ: పెళ్లి చేసుకునే హక్కే లేదు.
1998లో సుప్రీంకోర్టు ఒక కేసులో ఇలాంటి మాటే అంది. 2002లో దాన్ని పక్కనపెట్టింది. ఇక పిల్లల సంగతి: తండ్రికి మాత్రమే ఉంటే బిడ్డకు నేరుగా రాదు. తల్లికి ఉంటే, కడుపుతో ఉన్నప్పుడు ఆమెకు మాత్రలు, కాన్పయ్యాక బిడ్డకు మందు ఇస్తారు. అలా పుట్టినవాళ్లలో ఎక్కువమందికి హెచ్‌ఐవీ ఉండదు.

అపోహ: సెంటర్‌కు వెళ్తే ఊరంతా తెలుస్తుంది.
2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, మీ అనుమతి లేకుండా ఎవరూ మీ విషయం బయటపెట్టకూడదు. అదే చట్టం పాజిటివ్ అని తెలిసిన మనిషి మీద కూడా బాధ్యత పెట్టింది: ఎదుటివారికి సోకకుండా తగిన జాగ్రత్తలు తీసుకోవాలి. నన్నడిగితే, దగ్గరయ్యేలోపే చెప్పేయండి. వాట్సాప్‌లో మాత్రం వద్దు, స్క్రీన్‌షాట్ ఎవరి ఫోన్‌కు చేరుతుందో తెలీదు. మాట పెగలకపోతే ఇద్దరూ మా దగ్గరకు రండి.

ఆ అబ్బాయి రెండు నెలల తర్వాత ఆమెను తీసుకొచ్చాడు. అతను చెప్పాడు, నేను రిపోర్టు చూపించి వివరించాను. ఆమెకూ పరీక్ష చేయించాం, నెగెటివ్. ఆమె నా వైపు చూడలేదు, అతని వైపే తిరిగింది. "దినామూ రాత్రి తొమ్మిదికి బయటికి పోతావే, ఇంకెవరితోనో ఫోన్‌లో మాట్లాడుతుండావనుకుంటి."