గోల్ పోస్ట్‌కు వేలాడకండి: ఫుట్‌బాల్ మైదానం గురించి అపోహలు - వాస్తవాలు

హన్మకొండ శివారులో ఓ చిన్న ఫుట్‌బాల్ స్టేడియం నిర్వహణ చూస్తుంటాను. తెల్లవారుజామునే వాకర్లు, కానిస్టేబుల్ సెలక్షన్లకు తయారయ్యే కుర్రాళ్లు వస్తారు. ఆ తర్వాత కోచింగ్ పిల్లలు, ఆదివారం వస్తే క్రికెట్. ఇంతమంది వాడుకునే చోట గోల్ పోస్టులను పాతిపెడితే కుదరదు, జరుపుకునే రకమే ఉండాలి. నా టెన్షన్ అంతా వాటితోనే.

అపోహ: ఇనుప గోల్ పోస్ట్ బరువుంటుంది, పడదు.

"నలుగురం పడితే గాని జరగదు సార్, గిదెట్ల పడ్తది?" ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. ఆ బరువే ప్రాణం తీస్తుంది. పెద్దవాళ్లు ఆడే గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. రెండు స్తంభాలు, పైన క్రాస్‌బార్, అంటే బరువులో ఎక్కువ భాగం ముందే. వెనక నేల మీద ఉండేది ఒక్క కడ్డీ. దాన్ని నేలకు బిగించకపోతే, క్రాస్‌బార్ పట్టుకుని ఒక్కడు ఊగినా చాలు, మొత్తం ముందుకు ఒరుగుతుంది. వేలాడినవాడు వెల్లకిలా పడతాడు, బార్ వచ్చి తల మీదో ఛాతీ మీదో పడుతుంది. తప్పుకునే టైం ఉండదు. చాలా దేశాల్లో పిల్లలు ఇలాగే చనిపోయారు. అందుకే జరిపే గోల్స్‌ను కూడా నేలకు గట్టిగా బిగించాలని ఆట నియమాల్లో మొదటిదే చెబుతుంది.

ఇంతకుముందు నేను పనిచేసిన ఒక మైదానంలో వెనక కడ్డీ మీద నాలుగు ఇటుకలు పెట్టి వదిలేశారు. ఓ పొద్దున ఒక కుర్రాడు క్రాస్‌బార్‌కు పుల్అప్స్ తీస్తున్నాడు, దోస్తులు లెక్కపెడుతున్నారు. చూస్తుండగానే ఇటుకలు జారిపోయి కడ్డీ జానెడు పైకి లేచింది. నేనూ కోచ్ ఉరికి ఆ కడ్డీ మీద కూర్చున్నాం. కుర్రాడు దిగి, "ఏం కాలే కద సార్" అని నవ్వాడు. నాకు మాత్రం చాలాసేపు చేతుల వణుకు తగ్గలేదు.

ఇప్పుడు మా దగ్గర వెనక కడ్డీని మేకులతో నేలకు దిగ్గొట్టి, పైన నిండు ఇసుక బస్తాలు వేస్తాం. మాది రేగడి నేల. వానకు మెత్తబడుతుంది, ఎండకు పగుళ్లిస్తుంది, రెండు కాలాల్లోనూ మేకులు వదులవుతాయి. అందుకే ఆటకు ముందు రోజూ క్రాస్‌బార్‌ను ముందుకు లాగి చూస్తాం. వెనక కడ్డీ కొంచెం లేచినా ఆ గోల్‌లో ఆట లేదు. ఆట అయ్యాక రెండు గోల్స్‌నూ ఎదురెదురుగా ఆనించి గొలుసు వేస్తాం. తమ్ముళ్లూ, పుల్అప్స్‌కు గేటు పక్కన కాంక్రీటులో పాతిన బార్ ఉంది, అక్కడ తీయండి.

వాట్సాప్‌లో "ఎక్కడో పిల్లగాడు పోయిండట" అని ఊరూ తేదీ లేని మెసేజ్ తిరిగిన ప్రతిసారీ కొందరు తల్లులు పిల్లల్ని మాన్పిస్తారు. అలాంటివి పంపేవాళ్ల మీద నాకు కోపం. తల్లుల భయం మాత్రం నాకు అర్థమవుతుంది. అమ్మా, మాన్పించకండి. ఒకసారి వచ్చి ఆ వెనక కడ్డీ చూడండి. బిగించి లేకపోతే ఏ మైదానంలోనైనా సరే, గట్టిగా అడగండి.

అపోహ: ఉరుములు దూరంగా ఉన్నాయి, ఆడుకోవచ్చు.

ఉరుము చెవిన పడిందంటే పిడుగు మీ దాకా రాగలదు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. చెట్టు కిందా, గ్యాలరీ రేకుల కిందా నిలబడొద్దు. పక్కా బిల్డింగ్‌లోకి గానీ, అద్దాలు మూసిన కారులోకి గానీ వెళ్లండి.

అపోహ: వాన వెలిసింది, ఇక ఆట మొదలుపెట్టొచ్చు.

గరిక మొండిది, పొడి నేలలో ఎంత తొక్కినా మళ్లీ లేస్తుంది. బురదలో స్టడ్స్, అంటే ఫుట్‌బాల్ బూట్ల అడుగున ఉండే మొనలు, దాన్ని వేళ్లతో సహా పీకేస్తాయి, నేల గట్టిపడి తర్వాతి వానకు నీళ్లు ఇంకవు. టెంట్ సామాను లారీలు లోపలికి రానివ్వనిది కూడా ఇందుకే, దయచేసి ఫోన్లు చేయించకండి.

అపోహ: ఆడపిల్లలకు ఫుట్‌బాల్ ఎందుకు?

మన నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్లిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడింది, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్‌కూ వెళ్లింది. మా సాయంత్రం బ్యాచ్‌లో ఆడపిల్లలకు చోటుంది. మామూలు స్పోర్ట్స్ షూ వేసి పంపండి, స్టడ్స్ సంగతి తర్వాత చూద్దాం.