మన తీరంలోని జిర్కోనియం: కొవ్వాడ చర్చలో వినిపించని సంగతి

కొవ్వాడ అణు విద్యుత్ కేంద్రం గురించి శ్రీకాకుళంలో మాట మొదలైతే భూములు, పరిహారం, రేడియేషన్ చుట్టూనే తిరుగుతుంది, అది న్యాయమే, ఊరు వదలాల్సిన వాళ్ల బాధ ముందు ఏదైనా చిన్నదే. కానీ అలాంటి రియాక్టర్లలో యురేనియం బిళ్లలను పట్టి ఉంచే గొట్టాలు జిర్కోనియం మిశ్రమంతో చేస్తారని, ఆ లోహం దొరికే ఖనిజం మన ఒడ్డునే ఉందని చాలామందికి తెలియదు.

కళింగపట్నం, భావనపాడు వైపు అల వెనక్కి పోయాక తడి ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి. ఆ నలుపు ఎక్కువగా ఇల్మనైట్, అంటే టైటానియం ఖనిజం. దాంతో కలిసి ఎర్రటి గార్నెట్, సిల్లిమనైట్, కొంచెం మోనజైట్ (థోరియం ఉండే ఖనిజం), జిర్కోనియం దొరికే దాదాపు రంగులేని జిర్కాన్ రేణువులూ ఉంటాయి. తూర్పు కనుమల రాళ్లు అరిగి ఏళ్ల తరబడి నదుల వెంట కొట్టుకొచ్చినవే ఇవన్నీ.

జిర్కాన్‌లో కొత్త మూలకం ఉందని జర్మన్ రసాయన శాస్త్రవేత్త క్లాప్రోత్ 1789లోనే పట్టుకున్నాడు. స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ 1824లో లోహం తీశాడు గానీ అందులో మలినాలు ఎక్కువ, వంచితే సాగే శుద్ధమైన లోహం 1925లో గానీ రాలేదు. ఇంకో చిక్కు హాఫ్నియం అనే లోహం. జిర్కోనియం ఎక్కడుంటే అదీ అక్కడే, రెండూ రసాయనికంగా కవలల్లాంటివి, కానీ రియాక్టర్లో అణు చర్యను నడిపించే న్యూట్రాన్లను జిర్కోనియం దాదాపు అలాగే వదిలేస్తే హాఫ్నియం మింగేస్తుంది. అమెరికా నౌకాదళం అణు జలాంతర్గామి కట్టాలనుకున్నాకే ఈ రెండిటినీ పెద్ద ఎత్తున విడదీయడం మొదలైంది.

జిర్కోనియం మీద గాలి తగలగానే పలుచని ఆక్సైడ్ పొర కడుతుంది, గీత పడినా మళ్లీ కడుతుంది. అందుకే రియాక్టర్ వేడినీళ్లకు తట్టుకుంటుంది, రసాయన ఫ్యాక్టరీల్లో ఆమ్లాలు పారే పైపులకూ పనికొస్తుంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ముందు మాత్రం నిలవదు. ఇంకో సంగతి కొవ్వాడ వాళ్లు తప్పక తెలుసుకోవాలి: చల్లబరిచే నీళ్లు ఆగిపోయి వేడి వెయ్యి డిగ్రీలు దాటితే ఇదే లోహం ఆవిరితో కలిసి హైడ్రోజన్ పుట్టిస్తుంది. 2011లో ఫుకుషిమాలో భవనాల పైకప్పులు ఎగిరింది ఆ హైడ్రోజన్ పేలే.

మన దేశంలో ఈ గొట్టాలు హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారవుతాయి, అది 1971లో వచ్చింది. ఇసుక నుంచి ఖనిజాలు వేరుచేసే కేంద్ర సంస్థ ప్లాంటు మనకు పక్కనే, ఒడిశా గంజాం జిల్లా ఛత్రపూర్‌లో ఉంది. శ్రీకాకుళంలో మాత్రం ప్రైవేటు తవ్వకం నడిచింది, మోనజైట్ ఉన్న ఇసుక ప్రైవేటు చేతుల్లో ఉండకూడదని కేంద్రం 2019లో నిబంధనలు మార్చింది. రేపు ప్రభుత్వ సంస్థే తవ్వకానికి వస్తే, మత్స్యకారుల ఒడ్డు ఎంత పోతుందన్న దానితోపాటు జిర్కాన్ శుద్ధి చేసే పని, దాని ఉద్యోగాలు ఈ జిల్లాలో పెడతారా లేదా అన్నది కూడా ప్రజాభిప్రాయ సేకరణలోనే రాతపూర్వకంగా అడిగి తీరాలి.