రాబందులు ఎక్కడికి పోయాయి?

చిరంజీవులు బుజ్జికీ, చిన్నాకూ తాతయ్య ఆశీస్సులు.

లేపాక్షి వెళ్ళొచ్చాక చిన్నా ఫోన్‌లో ఒక ప్రశ్న అడిగాడు. "తాతయ్యా, బండ మీద అంత పెద్ద జటాయువు బొమ్మ పెట్టారు కదా, మరి నిజం రాబందు ఒక్కటీ కనబడదేం?" అని. అది ఫోన్‌లో తేలే మాట కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. నిదానంగా చదవండి.

నా చిన్నప్పుడు రాబందును చూడ్డానికి ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. మా ఊరి బయట, చెరువు కట్ట దిగువన, చచ్చిన పశువుల్ని వేసే బీడు ఉండేది. తోలు తీసుకునేవాళ్ళు తమ పని చూసుకుని వెళ్ళిపోయాక ఆకాశంలో ఎక్కడో ఒక చుక్క కనబడేది. చూస్తుండగానే రెండయ్యేవి, పదయ్యేవి, లెక్క తప్పేది. కాళ్ళు ముందుకు చాచి దిగి, రెండు గెంతులు గెంతి ఆగేవి. మెడ మీద ఈకలుండవు. తల మొత్తం కళేబరంలోకి దూర్చి తినే పక్షికి అక్కడ ఈకలుంటే రక్తం అంటుకుని కుళ్ళిపోవూ! ఒకదాన్నొకటి తోసుకుంటూ, బుసకొడుతూ తినేవి. కడుపు నిండాక ఎగరలేక, రెక్కలు విప్పుకుని ఎండలో కూర్చునేవి. మేం గట్టు మీద ముక్కులు మూసుకుని చూసేవాళ్ళం. సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి ఎముకలు తప్ప ఏమీ మిగిలేది కాదు. తరవాత ఎప్పుడో ఎముకలు ఏరుకునే బండి వచ్చి వాటినీ పట్టుకుపోయేది. మేం అటు వెళ్ళొచ్చామని తెలిస్తే మా అమ్మ నూతి దగ్గరే నెత్తిన నీళ్ళు పోసి గానీ ఇంట్లోకి రానిచ్చేది కాదు.

ఇప్పుడు ఒక పెళ్ళివారింటిని ఊహించుకోండి. పంక్తి తరవాత పంక్తి భోజనాలు జరుగుతున్నాయి. వంట బాగుందని వంటవాళ్ళను మెచ్చుకుంటారు, కొసరి కొసరి వడ్డించినవాళ్ళను మెచ్చుకుంటారు. తిన్న విస్తళ్ళు ఎత్తినవాళ్ళ పేరు ఎవరికైనా తెలుసా? ఆ ఒక్కళ్ళూ రాలేదనుకోండి. రెండో పంక్తికే ఈగలు ముసురుతాయి. మూడో పంక్తికి కుక్కలు దూరతాయి. కుక్కలు కూడా విస్తళ్ళు ఖాళీ చేస్తాయి కదా అంటారేమో. చేస్తాయి, కానీ ఈడ్చుకుపోయి పదిచోట్ల చిమ్ముతాయి, తమలో తాము కరుచుకుంటాయి, అడ్డొచ్చిన పిల్లల్ని కరుస్తాయి. మన దేశంలో విస్తళ్ళు ఎత్తే పని రాబందులది. దొమ్మరోగంతో చచ్చిన పశువును తిన్నా వాటికి సాధారణంగా ఏమీ కాదు. వాటి కడుపులో ఊరే ఆమ్లం అంత ఘాటైనది.

అలాంటి రాబందులు 1990ల్లో చచ్చిపోవడం మొదలైంది. రాజస్థాన్‌లో భరత్‌పూర్ దగ్గర కేవలాదేవ్ పార్కులో విభు ప్రకాశ్ అనే పక్షుల శాస్త్రవేత్త అంతకుముందు వందల గూళ్ళు లెక్కపెట్టారు. తొంభైల్లో మళ్ళీ లెక్కపెడితే సగం కూడా లేవు. కొమ్మల మీద మెడలు వేలాడేసుకుని కూర్చున్నవి కొన్ని, చెట్టు కింద పడి చచ్చినవి కొన్ని. 1992కూ 2007కూ మధ్య వీపు తెల్లగా ఉండే రాబందులు నూటికి 99.9 వంతులు పోయాయి. వెయ్యి ఉన్నచోట ఒక్కటి మిగిలిందన్నమాట. ఇంత వేగంగా తగ్గిపోయిన పక్షులు ప్రపంచంలోనే అరుదు.

వైరస్ అన్నారు, పురుగుమందులు అన్నారు. అసలు సంగతి పట్టుకున్నది పాకిస్తాన్‌లో పనిచేసిన లిండ్సే ఓక్స్ అనే శాస్త్రవేత్త బృందం. చచ్చిన రాబందుల్ని కోసి చూస్తే చాలావాటిలో కాలేయం, గుండె మీద తెల్లటి పొడి పేరుకుపోయి ఉంది. కిడ్నీలు పాడై, బయటికి పోవాల్సిన యూరిక్ ఆమ్లం లోపలే గడ్డకట్టిందని అర్థం. కిడ్నీలు ఎందుకు పాడయ్యాయి? రాబందు తినేది పశువును. పశువుకు ఈమధ్య కొత్తగా ఏం పెడుతున్నారు? పశువుల డాక్టర్లనూ మందుల షాపులవాళ్ళనూ అడిగారు. డైక్లోఫెనాక్ అని తేలింది. మనుషులు కీళ్ళ నొప్పులకు వేసుకునే మాత్రే. తెల్లపొడి ఉన్న 25 రాబందుల్నీ పరీక్షిస్తే 25లోనూ ఆ మందు ఉంది. వేరే కారణాలతో చచ్చిన 13లో ఒక్కదానిలోనూ లేదు. ఇది 2004లో అచ్చయింది. నాకు ఇందులో బాగా నచ్చింది, అంత చదువుకున్నవాళ్ళు మందుల షాపు మెట్లెక్కి అడగడం.

రైతును తప్పుపట్టకండి పిల్లలూ. ఎద్దు కుంటుతుంటే చూడలేక సూది వేయించాడు. మందు చౌకగా దొరుకుతోంది, పనిచేస్తోంది. ఆ ఎద్దు రెండు మూడు రోజుల్లో చచ్చిపోతే మందు ఇంకా ఒంట్లోనే ఉంటుంది. ఒక కళేబరం మీద పదుల కొద్దీ రాబందులు వాలతాయి కాబట్టి, వంద కళేబరాల్లో ఒక్కదానిలో మందు ఉన్నా చాలు, జాతి మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. పైగా రాబందు ఏడాదికి పెట్టేది ఒకే ఒక్క గుడ్డు. జాలి పడి చేసిన పనే ఇంతదూరం వచ్చింది. అందుకే జాలితోపాటు విచారణ కూడా ఉండాలంటాను నేను. ఏ మందైనా మన చెయ్యి దాటాక ఎవరి కడుపులోకి పోతుందో కనుక్కోవాలి.

ఇక్కడితో కథ అయిపోలేదు. మళ్ళీ పెళ్ళివారింటికి రండి. విస్తళ్ళు ఎత్తకపోవడం వల్లే జబ్బులొచ్చాయని ఎలా చెప్తాం? వేరే ఏదైనా కారణం కావచ్చు కదా. అప్పుడు రెండు ఇళ్ళను పక్కపక్కన పెట్టి చూడాలి. ఒక ఇంట్లో మొదటినుంచీ ఎత్తేవాళ్ళే లేరు, తమ ఏర్పాటేదో తాము చేసుకున్నారు. రెండో ఇల్లు పూర్తిగా వాళ్ళమీదే ఆధారపడింది. వాళ్ళు మానేసిన రోజునుంచి రెండో ఇంట్లోనే జబ్బులు పెరిగితే, కారణం దొరికినట్టే. ఎయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు సరిగ్గా ఇదే చేశారు. రాబందులు బాగా ఉండే జిల్లాలను, మొదటినుంచీ పెద్దగా లేని జిల్లాలతో పోల్చారు. రాబందులు ఉన్నంతకాలం రెండుచోట్లా మరణాల రేటు దాదాపు ఒకే తీరుగా నడిచింది. అవి పోయాక, రాబందుల జిల్లాల్లో నాలుగు శాతానికి పైగా పెరిగింది. 2000 నుంచి 2005 వరకు దేశం మొత్తమ్మీద అదనంగా పోయిన ప్రాణాలు సుమారు 5 లక్షలని 2024లో వాళ్ళ లెక్క బయటికొచ్చింది.

అయిదు లక్షలు! ఊరి కుక్కలు పెరిగాయి, వాటితో రేబిస్ పెరిగింది. రేబిస్ టీకాల అమ్మకాలూ పెరిగాయి. కళేబరాలను కాలవల్లో తోసేసినచోట నీళ్ళు చెడిపోయాయి. మా అమ్మ నెత్తిన నీళ్ళు పోయించిన ఆ బోసిమెడ పక్షి ఇంతమందిని కాపాడుతోందని అప్పుడు మాలో ఎవరికి తెలుసు! నేను ఆ లెక్క చదివిన రోజు చాలాసేపు వేరే పని చేయలేకపోయాను.

పశువులకు డైక్లోఫెనాక్ వాడకూడదని 2006లో మన ప్రభుత్వం ఆపింది. మనుషుల కోసం తయారయ్యే పెద్ద సీసాలను పశువులకు మళ్ళిస్తున్నారని 2015లో అవి కూడా ఆపేసి, ఒక్క మోతాదు సీసాలే ఉంచారు. రాబందులకు హాని చేయని నొప్పిమందు ఉంది, దాని పేరు మెలాక్సికామ్. హైదరాబాద్ జూపార్కులో రాబందుల సంతతి పెంచే కేంద్రం నడుస్తోంది. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో పెద్దవాగు పక్కన పాలరాపు గుట్ట అంచుల్లో 2013లో రాబందుల గూళ్ళు కనబడ్డాయి. చిన్నా, నీ ప్రశ్నకు జవాబు అది. అవి పూర్తిగా పోలేదు, కానీ మన ఊళ్ళ మీదికి తిరిగి రావడానికి చాలా ఏళ్ళు పడుతుంది.

సెలవుల్లో మీ ఇద్దరికీ ఒక పని. దగ్గర్లో ఉన్న పశువుల ఆసుపత్రికి వెళ్ళండి. పొద్దున్నే వెళ్తే గేదెల్ని, మేకల్ని తెచ్చినవాళ్ళుంటారు, డాక్టరుగారు కాస్త తీరిగ్గా ఉన్నప్పుడు నమస్కారం పెట్టి, నొప్పికి ఏ సూది వేస్తారో అడగండి. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అనే రెండు నొప్పిమందులూ రాబందులకు హాని చేస్తాయని, వాటిని కూడా పశువులకు వాడకూడదని 2023లో ఆపేశారు, ఆ సంగతి కూడా కదపండి. ఆయన చెప్పింది ఉన్నదున్నట్టు రాసి పంపండి. బుజ్జి చేతిరాత బాగుంటుంది కాబట్టి బుజ్జే రాయాలి.

ఇట్లు,
మీ తాతయ్య